కోడిగంపలో చెండు

చెండు ఇంకా అక్కడే ఉంది.

నిన్న కోడిగంప కిందినుంచి దొర్లుకుంటూ వచ్చి వసారా నడిమధ్యన ఎక్కడ ఆగిందో, అక్కడే. పొద్దున కసువు ఊడ్చేటప్పుడు రామలక్ష్మమ్మ దాని చుట్టూ ఊడ్చిందే గాని దాన్ని తాకలేదు. తెల్లగా, ఒళ్లంతా చిన్న చిన్న గుంటలతో, అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా ఉంది.

"ఎవరన్నా తీసి అవతల పారేయండి దాన్ని!" అని గంగాధరప్ప అరిచాడు.

ఎవరూ కదలలేదు. గంపలో పెట్ట ఒక్కటే కొక్కొక్కోమంటోంది.

"నేను పింగాణీ గుడ్డనుకుంటినప్పా," అంది అతని భార్య ఓబమ్మ, నిన్నటినుంచి పదోసారి. "మన బయ్యన్న పెట్టె సర్దుతాంటే మూడు దొరికినాయి. కోళ్లకు పెట్టనీకె పట్నంలో అమ్ముతారేమో, నాకోసమే తెచ్చి మర్చిపోయినాడేమో అనుకుంటి. గంపలో ఒక గుడ్డన్నా ఉంటేనే గదా పెట్ట మళ్లా వచ్చి అదే తావులో పెట్టేది? గుడ్డు తీసి దీన్ని పెట్టినా. పెట్ట కూడా ఏమీ అనలేదు."

"పెట్టకుండే తెలివే నీకూ ఉండాది! లెక్కలు రాసే రైటరు పెట్టెలో కోడిగుడ్డు ఎందుకుంటాదని అడగాలని తోచలేదా?"

బయ్యన్న స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. పాదాలు రెండూ పంచె కిందికి లాక్కుని ఉన్నాడు. నాలుగు రోజుల కిందట ఎలక్షన్ల కోసమని సెలవు పెట్టి బెంగుళూరునుంచి వచ్చినవాడు, నిన్న సాయంత్రం నుంచి ఈ ఇంట్లో చుట్టంలా అయిపోయాడు.

నిన్న వెంకటేశులు తమ్ముడు, మిలిటరీ నుంచి వచ్చినవాడు, ఓటర్ల పట్టీ చూసుకుపోదామని వచ్చాడు. సర్పంచి పదవికి గంగాధరప్పకు ఎదురు నిలబడింది వెంకటేశులే అయినా, పట్టీ చూడవద్దనడానికి లేదు. అతను కూర్చున్న పది నిమిషాలకే పెట్ట గంప తన్నుకుని ఎగిరింది. చెండు దొర్లింది. అతను దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి నవ్వాడు.

"ఇది దొరలాడే గోల్ఫు చెండు గదప్పా! బెంగుళూరు క్యాంపులో ఉన్నప్పుడు చూసినా. నీళ్లగుంటలో పడితే మునిగి తీసేదానికి మనుషులుంటారు, గోచీ కట్టుకోని. మీ కింది గేరి ఎర్రిస్వామి చిలమత్తూరు హోటల్లో చెప్తాండె, 'మా బయ్యన్న మాదిరి నీళ్లలో దమ్ము పట్టేవాడు బెంగుళూరులోనే లేడు' అని. నేను ఎవరో వేరే బయ్యన్న అనుకుంటి!"

చెండును మర్యాదగా మళ్లీ నేలమీదే పెట్టి వెళ్లిపోయాడు.

ఊరవతల వాడ, కింది గేరినుంచి బయ్యన్నతోపాటే బెంగుళూరు పోయిన ఎర్రిస్వామి ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ మెచ్చుకోలే ఇప్పుడు ఇంటిమీదికి వచ్చి కూర్చుంది.

"వానల్లేవు, బావులెండినాయి. ఒప్పుకుంటా. ఎవరికెండలేదు?" గంగాధరప్ప గొంతు ఈసారి తగ్గింది. తగ్గితేనే భయం ఎక్కువ. "వాడు గుమాస్తాగా ఉన్నా, లారీ తోలినా నేను తలెత్తుకోని తిరుగుతుంటి. ఎవడో కట్టెతో కొట్టి నీళ్లలో పడేసిన చెండుకు నా కొడుకు మునిగేదా? అదీ కింది గేరి వాని జతలో?"

"ఒకరు మునిగితే ఒకరు తాడు పట్టుకోవల్ల నాయనా. ఒక్కడు చేసే పని కాదది."

"నోర్మూయ్!"

గడప లోపల నిలబడిన రామలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు రాలేదు. ఆమెకు గోళ్లు గుర్తుకొచ్చాయి.

వచ్చినప్పుడల్లా భర్త గోళ్ల సందుల్లో నల్లటి మరక ఉండేది. ఎంత తోమినా పోయేది కాదు. ఏమిటని ఒకసారి అడిగితే, "రైటరు గదా, సిరా," అన్నాడు. ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందంటే, కదిరిలో పుట్టింటికి పోయినప్పుడు పిన్నమ్మకు, వదినలకు అందరికీ చెప్పుకుంది. "ఫ్యాను కింద కూర్చోని రాసే పని. చేతులకు సిరా ఒకటే అంటేది."

కాలిగోళ్లు కూడా అట్లాగే ఉండేవి. అదీ ఆమె చూసింది. కాళ్లతో ఎవరు రాస్తారని మాత్రం తనను తాను ప్రశ్నించుకోలేదు.

గంగాధరప్ప చివరికి తీర్పు చెప్పినట్టు చెప్పాడు. "రేపు పొద్దున పెద్దమనుషుల్ని పిలిపిస్తా. వెంకటేశుల్ని కూడా. ఎర్రిస్వామి వచ్చి చెప్పల్ల, 'మునిగేది నేను, బయ్యన్నప్ప గట్టుమీద కూర్చోని రాసుకునే రైటరు, నేనేదో గొప్పకు వాగితిని' అని. పొయ్యి చెప్పిరా వానికి."

"నేను పోను," అన్నాడు బయ్యన్న.

"ఏమి?"

"ఆ మాట నేనడగలేను నాయనా."

అడగలేనన్నాడే గాని, అడగొద్దు అనలేదు. రామలక్ష్మమ్మ ఆ తేడా గమనించింది.

ఓబమ్మ కోడలి వైపు తిరిగింది. "నువ్వు పోమ్మా. ఎర్రిస్వామి పెండ్లాం నల్లమ్మ నీ మాట వింటాది. కాన్పప్పుడు చీర ఇచ్చినావు గదా."

* * *

ఎర్రిస్వామి ఉండే కొట్టం చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. నల్లమ్మ గుంజ నీడలో కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. రామలక్ష్మమ్మను చూసి లేచింది, ఒక చాప దులిపి పరిచింది, మళ్లీ తన చేట దగ్గరికే పోయి కూర్చుంది.

"ఎండలో వస్తివే అమ్మయ్యా."

"ఎర్రిస్వామి లేడా?"

"కట్టెలకు పోయినాడు. ఉంటే నువ్వు చెప్పలేవులే. నాకు చెప్పు."

రామలక్ష్మమ్మ గొంతు ఎండిపోయింది. మూలన మూడు రాళ్లమీద నీళ్లకుండ ఉంది. దానిమీద బోర్లించిన సత్తు గ్లాసు. నల్లమ్మ కుండ వైపు చూసింది. ఆమె కూడా చూసింది. తాగుతావా అని నల్లమ్మ అడగలేదు. అడిగితే కాదనాల్సిన ఇబ్బంది వచ్చినామెకు కలుగుతుందని. ఇయ్యమని రామలక్ష్మమ్మ అడగలేదు. ఎందుకు అడగలేదో ఆమెకు తెలుసు.

చెప్పవలసింది చెప్పింది. చెబుతున్నంతసేపూ చాప అంచు పీకుతూ కూర్చుంది. నల్లమ్మ కాయలు ఒలవడం ఆపలేదు.

"అంటే మా వాడు అబద్ధాలకోరని ఊరికి చెప్పల్ల. ఎవరు చెప్పల్ల? మా వాడే."

"ఎలక్షన్లు అయ్యేదాకా..."

"ఎలక్షన్లు అయినాక మళ్లా పిలిచి, కాదప్పా, నిజమే చెప్పినాడంటారా?"

రామలక్ష్మమ్మ చాప అంచులోంచి మరో పోగు లాగింది.

"నీకు ఏమేం తెలుసు అమ్మయ్యా, ఆ గుంట సంగతి?"

"నిన్ననే తెలిసింది. చెండ్ల కోసం మునుగుతారని."

"అంతేనా?" నల్లమ్మ చేట పక్కన పెట్టింది. "నడుముకు తాడు కట్టుకోని దిగుతారు. కింద కండ్లు అగుపడవంట, అంతా ఒండ్రు. కాలివేళ్లతో దేవులాడల్ల. చెండు తగిలితే మునిగి తీసి నడుముకుండే సంచిలో ఏసుకోవల్ల. తాడు రెండు తూర్లు గుంజితే గట్టుమీదోడు లాగల్ల. గుంజకపోయినా నూరు లెక్కబెట్టి లాగల్ల. పొద్దంతా నువ్వొకసారి, నేనొకసారి. ఇద్దరికీ కలిపి సంగటి గెలికేది మావాడే. ఒకే చట్టిలో తింటారు. ఇది తెలుసునా?"

"లేదు."

"మాఘమాసంలో మీ ఆయన జ్వరమని జాబు రాసినాడే, అది తెలుసు గదా?"

"తెలుసు. దగ్గు ఇంకా పోలేదు."

"జ్వరం కాదది. తామర తూళ్లలో కాలు ఇరుక్కుంది. తాడు గుంజలేదు. మా వానికి ఎందుకో నూరుదాకా ఆగబుద్ధి కాలేదంట. అరవైకే లాగినాడు. రాలేదు. తాడు చేతికి చుట్టుకోని, గట్టున రాయికి కాళ్లు తన్నిపెట్టి లాగినాడు. అరచేతుల్లో తోలు తాడుకు అంటుకోనొచ్చింది. బోర్లా పడేసి కడుపులో నీళ్లు కక్కించినాడు. 'అమ్మయ్యకు చెప్పొద్దు, బెదురుకుంటాది' అని మీ ఆయన ఒట్టేయించుకున్నాడంట." నల్లమ్మ చేట మళ్లీ దగ్గరికి లాక్కుంది. "నాకు మాత్రం ఎవరూ ఒట్టు పెట్టలేదు."

ఎండ గుంజ నీడను దాటి రామలక్ష్మమ్మ పాదాల మీదికి వచ్చింది. ఆమె కాళ్లు తీసుకోలేదు. మెడలో తాళిబొట్టు మీదికి చెయ్యి దానంతట అదే పోయింది. నల్లమ్మ అది చూసి తల తిప్పుకుంది.

"చెప్తాడులే," అంది. "నీ మొగుని కోసమంటే ఏమైనా చెప్తాడు. వాని యావ అట్లాంటిది. ఒక మాట మాత్రం నువ్వు నాకియ్యల్ల. కాళ్లు పట్టించగూడదు. మాటంటే నోటినుంచి పోతాది. కాళ్లు పట్టుకుంటే నా బిడ్డలు చూస్తారు."

"పట్టించరు. నాది భరోసా."

"నీదేనా? మీ మామదా?"

"నాదే."

లేచి నాలుగడుగులు వేశాక రామలక్ష్మమ్మ ఆగింది. ఇప్పుడైనా వెనక్కి తిరిగి నీళ్లడిగితే బాగుండునని ఆమెకు అనిపించింది. ఆ కుండ, గ్లాసు, నల్లమ్మ అన్నీ దగ్గరగానే ఉన్నాయి. ఎవరో పశువులు తోలుకుంటూ అటే వస్తున్నారు.

ఆమె ఇంటిదారి పట్టింది.

* * *

గోరింటాకు ఆలోచన ఓబమ్మది.

"ఒండ్రు మరక ఈ ఊర్లో తెలీనోడు ఎవుడు? బావుల్లో పూడిక తీసేవాళ్ల గోళ్లు రోజూ చూస్తాండారు. ఆ వెంకటేశులు ముందు కాళ్లే చూస్తాడు. కాళ్లు పగిలినాయి, గోరుచుట్టు లేసింది, మందుకు పెట్టినామని చెప్దాం."

పొద్దు వాలేవేళ, పెరట్లో రోలు దగ్గర, రామలక్ష్మమ్మ నూరిన ముద్ద తెచ్చి భర్త కాలివేళ్లకు ఒక్కొక్కదానికే పెట్టింది. పెండ్లిలో ఈ కాళ్లకు పారాణి పెట్టినప్పుడు చుట్టూ ఎంతమందో నవ్వారు. ఇప్పుడు ఇద్దరే ఉన్నారు.

"చల్లగుందా?" అంది, ఏదో ఒకటి అనాలని.

"గుంటలో ఒండ్రు ఇంతకన్నా చల్లగుంటాది," అన్నాడతను. అని, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు.

"సిరా అంటివే."

"ఏమని చెప్పేది? నువ్వు కదిరిలో అందరికీ ఫ్యాను గురించి చెప్పినావని విన్నాక, మళ్లా ఏ నోటితో చెప్పేది?"

ఆ దెబ్బ ఆమెకు తగలవలసిన చోటే తగిలింది. మరో వేలు అందుకుంది.

"కాలు ఇరుక్కున్నప్పుడు తాడు ఎందుకు గుంజలేదు?"

అతని కాలు ఆమె చేతిలో ఒక్కసారి బిగుసుకుంది.

"నల్లమ్మ చెప్పిందా?"

"ఎందుకు గుంజలేదు?"

"చేతిలో చెండు ఉండె. రెండు చేతుల్లోనూ ఉండె. వదిలేస్తే మళ్లా దొరకవని..." ఆగిపోయాడు. "తలకాయ పనిచేయదు, దమ్ము అయిపోయేటప్పుడు."

ఆమె పదో వేలు కూడా పూర్తిచేసింది. ఆకుముద్ద కారకుండా పాతగుడ్డ చుట్టింది.

"రేపు ఎర్రిస్వామి ఆ మాటలు చెప్తాంటే నువ్వేం చేస్తావు?"

బయ్యన్న గుడ్డ చుట్టిన కాళ్ల వైపు చూసుకున్నాడు. ఆమె గిన్నె కడగడానికి లేచింది.

* * *

మరునాడు పొద్దెక్కేసరికి ఇంటిముందు పన్నెండు మంది దాకా పోగయ్యారు. పెద్దలు వసారాలో, మిగతావాళ్లు మెట్లమీద. వెంకటేశులు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, బయ్యన్నకు ఎదురుగా చోటు చూసుకుని కూర్చున్నాడు. అతను చూసింది నేరుగా కాళ్లనే.

"ఏమప్పా బయ్యన్నా, గోరింటాకా? కొత్త పెండ్లికొడుకు మాదిరుండావే!"

అందరూ నవ్వారు. "కాళ్లు పగిలినాయప్పా," అంది ఓబమ్మ లోపల్నుంచి. బయ్యన్న కాళ్లు లోపలికి లాక్కుందామని చూశాడు. స్తంభం అడ్డం వచ్చింది. వేళ్లు పదీ ఎర్రగా, అందరిముందూ, ఎవరో అప్పుడే అతికించినట్టు కనిపిస్తున్నాయి.

ఎర్రిస్వామి ఎప్పుడు వచ్చాడో వచ్చి, వాకిట్లో బండిచక్రం పక్కన నిలబడ్డాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి. దూరం నడిచివచ్చినవాడిలా పెదాలు తడుపుకున్నాడు.

"నీళ్లు పొయ్యిపోమ్మా," అని ఓబమ్మ గొణిగింది.

రామలక్ష్మమ్మ చెంబు తీసుకుని దిగింది. అతను వంగి దోసిలి పట్టాడు. ఆమె పైనుంచి పోసింది, చెంబు అంచు చేతికి తగలకుండా, అలవాటైన ఎత్తులో. నీళ్ల కింద ఆ అరచేతులు కనిపించాయి. ఒక చేతినుంచి రెండో చేతిలోకి అడ్డంగా, తాడు మందాన, లేత గులాబీరంగు చారలు. అక్కడ రేఖలు లేవు.

నీళ్లు దోసిలి దాటి నేలమీద పోతున్నాయి.

"చాలమ్మయ్యా," అన్నాడతను మెల్లగా.

ఆమె తిరిగి వచ్చి గడపలో నిలబడింది.

ఎర్రిస్వామి చెప్పవలసిందంతా చెప్పాడు. తడబడలేదు. ముందే నల్లమ్మ దగ్గర అప్పజెప్పి వచ్చినట్టు చెప్పాడు. "మునిగేది నేనే సామీ. బయ్యన్నప్ప గట్టున నీడలో కూర్చోని యెన్ని చెండ్లు తీసిందీ రాసుకుంటాడు. ఆ చెండ్లు లెక్కకని తెచ్చుకున్నవి. హోటల్లో ఏదో గొప్పకు వాగితిని." అంతటితో ఆగితే సరిపోయేది. వెంకటేశులు ముఖంలో నమ్మకం కనపడలేదేమో, ఇంకొకటి కలిపాడు. "బయ్యన్నప్పకు ఈతే రాదు సామీ."

బయ్యన్న తలెత్తాడు.

పదేళ్లప్పుడు, వానలున్న కాలంలో, తోట బావిలో అతనికి ఈత నేర్పింది ఎర్రిస్వామే. నడుముకు మునగబెండ్లు కట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టి. ఆ సంగతి బయ్యన్న పెండ్లయిన కొత్తలో భార్యకు ఎంతో సంబరంగా చెప్పాడు.

ఎత్తిన తల మళ్లీ దించుకున్నాడు.

గంగాధరప్ప గట్టిగా ఊపిరి పీల్చాడు. "విన్నారు గదా. ఇంక ఈ మాట ఈడికి..."

"ఉండప్పా," అన్నాడు వెంకటేశులు. కాలుమీద కాలు మార్చుకున్నాడు. "నాకొక అనుమానం. మీ పిల్లోని మీద ఇంత పెద్ద అబద్ధం పుట్టించినోన్ని ఊరికే పంపిస్తాండావా? మా ఇంటి మీద ఇట్లంటే నేనైతే వదలను. నువ్వు వదులుతాండావంటే, ఇదంతా ముందే అనుకోని వచ్చినట్లుండాదే అని నలుగురూ అనుకోరా? కాళ్లు పట్టుకోమను. అప్పుడు నేను కూడా నమ్ముతా."

మెట్లమీదివాళ్లు మెడలు చాచారు.

గంగాధరప్ప కొడుకు వైపు చూశాడు, వాకిట్లో మనిషి వైపు చూశాడు, వెంకటేశులు వైపు చూశాడు. మెడలో ఒక నరం లేచింది.

"పట్టుకోరా," అన్నాడు. "మా వాని కాళ్లు పట్టుకో."

ఎర్రిస్వామి కదలలేదు. ఒక్క క్షణం గడప వైపు చూశాడు. కోపంగా కాదు. చీటీ ఇచ్చి సరుకు రాలేదని అంగడివాడి వైపు చూసే మనిషిలా, అంత మామూలుగా చూశాడు. నల్లమ్మ అతనికి చెప్పే పంపించిందన్నమాట.

తర్వాత చెప్పులు చక్రం పక్కన పెట్టాడు. మెట్లెక్కి వచ్చాడు. బయ్యన్న ముందు ఆగాడు. ఆ ఎర్రటి వేళ్లు ఎందుకు ఎర్రగా ఉన్నాయో ఈ ఊళ్లో బయటివాళ్లలో తెలిసినవాడు అతనొక్కడే. బయ్యన్న తన కాలివేళ్లనే చూసుకుంటున్నాడు. భర్త ఏమన్నా అంటాడని రామలక్ష్మమ్మ ఎదురుచూసింది. మనసులో లెక్క పెట్టసాగింది. నూరుదాకా ఆగాలా? అరవైకా?

ఎర్రిస్వామి నడుం వంచాడు.

"ఆగు, ఎర్రిస్వామీ!"

ఆ గొంతు తనదేనని ఆమెకు వసారాలో నిలబడ్డాకే తెలిసింది. ఆరేళ్ల కాపురంలో మగవాళ్ల మధ్యకు ఇట్లా వచ్చింది లేదు. అందరి ముఖాలూ ఇటు తిరిగాయి.

"ఏందిది?" అన్నాడు గంగాధరప్ప. "లోపలికి పో!"

"కాళ్లు పట్టించేది లేదని మాటిచ్చినా మామా. నిన్న నల్లమ్మకు మాటిచ్చినా."

అనేసింది. అన్న తర్వాతే ఆ మాట ఎంత దూరం పోయిందో అర్థమైంది. ఓబమ్మ లోపల "అయ్యో" అంది.

వెంకటేశులు కాలుమీద కాలు తీశాడు. చాలా మర్యాదగా, చెల్లెలితో మాట్లాడినట్టు అడిగాడు.

"మాటిచ్చినావామ్మా? నిన్ననా? ఎందుకని ఇయ్యాల్సొచ్చె?"

ఆమె నోరు తెరిచింది. నిజం చెబితే మామ పరువు పోతుంది. అబద్ధం చెబితే, ఆ అరచేతులమీద నీళ్లు పోసిన చెంబు ఇంకా చేతిలోనే ఉంది.

"రామలక్ష్మీ."

స్తంభాన్ని పట్టుకుని బయ్యన్న లేచి నిలబడ్డాడు. పదిమందిలో ఏనాడూ భార్యను పేరుతో పిలిచినవాడు కాదు. ఎర్రిస్వామి వంచిన నడుం వంచినట్టే ఉంది. అతని భుజం మీద బయ్యన్న చెయ్యి వేశాడు. లేపడానికో, తూలి పడకుండా పట్టుకోడానికో తెలియలేదు.

"నువ్వు లోపలికి పో," అన్నాడు.

తన నోరు మూయించడానికి అన్నాడా, తానే నోరు తెరవబోయి అన్నాడా? ఆ గొంతులో ఆమెకు అంతుపట్టలేదు. ముఖం చూసింది. అక్కడా జవాబు దొరకలేదు.

రామలక్ష్మమ్మ లోపలికి పోలేదు.